పాత బుల్లెట్ దారిలో ఆగిపోతే ముందు ఆంపియర్ మీటరు చూడండి

మా నాన్నగారి బుల్లెట్ 350, 1996 మోడల్. పోయిన వేసవిలో దానికో రోగం పట్టుకుంది. పొద్దున్నే కాకినాడలో రెండో కిక్కుకి స్టార్ట్ అయ్యేది. సామర్లకోట దాటి పెద్దాపురం రోడ్డెక్కామో లేదో, ఎవరో తాళం తిప్పేసినట్టు ఠక్కున ఆగిపోయేది. ఇరవై నిమిషాలు చెట్టు కింద నిలబెడితే నంగనాచిలా మళ్ళీ స్టార్ట్ అయ్యేది. ఒక మెకానిక్ "కాయిల్ పోయిందండి మాస్టారూ" అని కొత్తది వేశాడు. మరుసటి ఆదివారం మళ్ళీ అక్కడే ఆగింది. ఇంకొకాయన కార్బురేటర్ విప్పి కడిగాడు. లాభం లేదు. పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, ఆ మాత్రం కరెంటు నేను చూసుకోలేనా అని చివరికి నేనే స్పానర్ పట్టుకున్నాను.

మొదట బండి ఆగిన తీరు గుర్తు తెచ్చుకోండి. దగ్గుతూ, లాగలేక లాగుతూ ఆగితే ఎక్కువగా పెట్రోలు గొడవ. ఒక్కసారిగా ఆగితే కరెంటును అనుమానించాలి. అయినా ఒకసారి ట్యాంకు మూత తెరిచి చూడండి. మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోయినా బండి కాసేపు నడిచి ఆగుతుంది, కాసేపాగితే మళ్ళీ నడుస్తుంది. మూత వదులు చేసినా మాది ఆగింది కాబట్టి పెట్రోలు సంగతి వదిలేశాను.

పాయింట్లంటే కాయిల్‌కి వెళ్ళే కరెంటుని కలుపుతూ, విడదీస్తూ ఉండే చిన్న స్విచ్చు. విడిపోయినప్పుడల్లా కాయిల్ ప్లగ్గుకి స్పార్క్ పంపుతుంది. పాయింట్లున్న బుల్లెట్‌కి డాక్టరు హెడ్‌లైట్ డూమ్ మీదే ఉంటాడు, బ్యాటరీ నుంచి కరెంటు పోతే మైనస్ వైపు వాలే ఆంపియర్ మీటరు. హెడ్‌లైట్ ఆపి, తాళం ఆన్ చేసి, డీకంప్రెషర్ (కిక్ తేలిగ్గా దిగేలా చేసే మీట) నొక్కి పట్టుకుని, కిక్‌ని కాలితో మెల్లగా దించండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు కొంచెం వాలాలి, విడిపోగానే మధ్యకి రావాలి. పాయింట్ల క్యామ్ ఇంజన్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది, అందుకే ముల్లు కదలిక కనపడాలంటే కిక్ నాలుగైదు సార్లు దించాల్సి రావచ్చు.

ముల్లు అసలు కదలకపోతే కరెంటు పాయింట్ల దాకా రావట్లేదు, లేదా అక్కడికొచ్చినా దాటట్లేదు. హారన్ మోగుతుందా, ఫ్యూజు బాగుందా, వైర్లు వదులయ్యాయా చూసి, పాయింట్లు శుభ్రం చేయండి. మైనస్‌లోనే బిగుసుకుపోతే పాయింట్లు విడిపోవట్లేదు, లేదా ఎక్కడో బాడీకి ఎర్త్ అవుతోంది. ఇక్కడ నా నిర్వాకం ఒకటి చెప్పాలి. మొదటిసారి పాయింట్లు విప్పి బిగించినప్పుడు, వైరు తగిలించే స్క్రూ కింద, కరెంటు బాడీకి తగలకుండా ఆపే చిన్న ఫైబర్ వాషర్ వేయడం మర్చిపోయాను. ముల్లు మైనస్‌లోంచి లేవలేదు. గంటసేపు కాయిల్‌నీ, పాయింట్ల దగ్గర పెద్ద మెరుపు రాకుండా చూసే కండెన్సర్‌నీ తిట్టుకున్నాక ఆ వాషర్ నా చెప్పు కింద దొరికింది. విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇంకో మాట, పరీక్ష అవ్వగానే తాళం ఆపేయాలి. పాయింట్లు కలిసి ఉండగా ఆన్‌లో వదిలేస్తే కాయిల్ కాలిపోవచ్చు.

పాయింట్ల మొహాలు నల్లబడితే మెత్తటి ఎమ్రీ పేపరుతో రెండు మూడు సార్లు రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, చివరగా పాత శుభలేఖ అట్ట ముక్కని మధ్యలో పెట్టి లాగండి. గరుకు రజను మిగలదు. గ్యాప్, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ లేకపోతే గడ్డం బ్లేడు ఒక్కోటి 0.1 మిల్లీమీటరు మందం ఉంటుంది, నాలుగు కలిపి దూర్చితే అటూ ఇటూగా సరిపోతుంది. ఇది దారిలో గండం గట్టెక్కడానికే. ఇంటికెళ్ళాక గేజ్‌తో సరిచేసుకోవాలి, గ్యాప్ మారితే టైమింగ్ కూడా కదులుతుంది.

మా బండి ఆగినప్పుడు ముల్లు బుద్ధిగానే ఊగింది. అంటే పాయింట్లు పనిచేస్తున్నాయి, కాయిల్ లోపలికి కరెంటు వెళ్తోంది. ఇక మిగిలినవి రెండు: కాయిల్ నుంచి ప్లగ్గు దాకా ఉన్న అవతలి వైపు, కండెన్సర్. అవతలి వైపు పరీక్ష తేలిక. కొత్త ప్లగ్గు క్యాప్‌లో పెట్టి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజన్ ఫిన్నుల మీద ఆనించి కిక్ కొట్టండి. చేత్తో పట్టుకోవద్దు, చుట్టుపక్కల పెట్రోలు తడి ఉండకూడదు. స్పార్క్ నీలంగా, చిటపటమంటూ రావాలి. మాకు పల్చగా, పసుపుగా వచ్చింది.

అప్పుడు పాయింట్ల మూత తీసి, నీడలో చూస్తూ మా అబ్బాయితో కిక్ కొట్టించాను. పాయింట్లు విడిపోయిన ప్రతిసారీ వాటి మధ్య పెద్ద మెరుపు. కండెన్సర్ బాగుంటే అక్కడ చిన్న చుక్క మెరుపు మాత్రమే కనపడాలి. వేడెక్కేసరికి అది లోపల తెగిపోతోంది, చల్లారితే కలుస్తోంది. కాయిల్ పుట్టించాల్సిన స్పార్క్ పాయింట్ల దగ్గరే ఖర్చయిపోతోంది. ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద బొడిపె ఉండటం కూడా నేను ముందే చూశాను, అర్థం చేసుకోలేదు.

తేల్చుకోవడానికి ఏదీ విప్పక్కర్లేదు. మంచి కండెన్సర్ ఒకటి తెచ్చి, దాని వైరుని పాయింట్ల వైరు తగిలే చోటే కలిపి, డబ్బాని బాడీకి బాగా ఆనేలా వైరుతో కట్టేయండి. పాతది తెగిపోయి ఉంటే కొత్తది దాని పని చేసేస్తుంది. పాతది షార్ట్ అయి ఉంటే మాత్రం దాని వైరు ఊడదీయాల్సిందే. అప్పుడు ముల్లు మైనస్‌లోంచి కదలదు కాబట్టి ముందే తెలిసిపోతుంది. నేను అలా కట్టుకుని మే నెల మధ్యాహ్నం ఒంటిగంటకి పెద్దాపురం వెళ్ళి, ఇంజన్ ఆపకుండానే తిరిగొచ్చాను.

తర్వాత కొత్తదాన్ని ఇంజన్ వేడి తగలని చోట, బయటే స్క్రూతో బిగించాను, కింద పెయింటు గీకి ఎర్త్ సరిగ్గా తగిలేలా. అది మామూలు కండెన్సర్, కొట్టువాడు దీనికీ కాయిల్ చూపించబోయాడు. మెకానిక్ తీసేసిన మా పాత కాయిల్ శుభ్రంగా ఉంది. టూల్ బాక్సులో పెట్టాను.