హెడ్‌ఫోన్ రంధ్రం లేని ఫోను: పాత ఇయర్‌ఫోన్లను ఎలా కలపాలి, బ్లూటూత్ ఎప్పుడు కొనాలి

కొత్త ఫోను కొన్న రెండో రోజో మూడో రోజో, అమీర్‌పేటలో మెట్రో మారుతూ జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసినప్పుడు గాని చాలామందికి తెలియదు, వాటి పిన్ను పెట్టడానికి ఫోనులో చోటే లేదని. ఆ తర్వాత సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి జరుగుతుంది. మొదటిది, బాగా పనిచేస్తున్న ఇయర్‌ఫోన్లను సొరుగులో పడేసి, ఆ సాయంత్రమే కంటికి కనిపించిన బ్లూటూత్ బడ్స్ కొనేయడం. రెండోది, కోఠిలోనో అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లోనో ఆగి, ఫోను చార్జింగు రంధ్రానికి పాత పిన్నును కలిపే ‘టైప్-సి కన్వర్టర్’ అని అడిగి, చేతికిచ్చినదాన్ని అక్కడే పరీక్షించకుండా తెచ్చుకోవడం. నేను చేసింది రెండోది. ఇంటికి వచ్చి కలిపితే పాట ఎప్పటిలాగే ఫోను స్పీకరులోంచే మోగింది. పాడైన సరుకు అంటగట్టాడని దుకాణదారుణ్ణి తిట్టుకున్నాను. వారం తర్వాత మా తమ్ముడు తన ఫోనుకు తగిలిస్తే అదే కన్వర్టర్ చక్కగా పలికింది. సరుకు మంచిదే, నా ఫోనుకు తగిన రకం కాదంతే. ఈ తేడా ముందే తెలిసి ఉంటే డబ్బూ తిట్లూ రెండూ మిగిలేవి.

మార్చే చిప్ ఎక్కడ ఉంది?

ఫోనులో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఇయర్‌ఫోను లోపలి పలుచని పొరను కదిలించాలంటే ఆ అంకెలు విద్యుత్ తరంగంగా మారాలి. ఆ పని చేసే చిప్‌ను డాక్ (DAC) అంటారు. గుండ్రని రంధ్రం ఉన్నన్నాళ్లూ అది ఫోను కడుపులోనే ఉండి తన పని తాను చేసుకుపోయేది కనుక మనకు దాని ఊసు పట్టలేదు. రంధ్రం తీసేసిన తర్వాత కూడా ఆ పని ఎవరో ఒకరు చేయవలసిందే. కొన్ని ఫోన్లలో అది ఇప్పటికీ లోపలే జరుగుతుంది, చాలావాటిలో కన్వర్టర్‌లో జరుగుతుంది, బ్లూటూత్ అయితే చెవిలో పెట్టుకున్న బడ్‌లోనే జరుగుతుంది. ఏ వస్తువు కొనబోయినా ముందుగా ‘మార్చే చిప్ దేనిలో ఉంది?’ అని అడగడం అలవాటు చేసుకుంటే సగం చిక్కులు దుకాణంలోనే తీరిపోతాయి.

ఆ రంధ్రం వంశం చాలా పాతది. పందొమ్మిదో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్చేంజీ ఆపరేటర్లు లైన్లు కలపడానికి వాడిన పావు అంగుళం ప్లగ్గే దాని తాత. చిక్కి 3.5 మిల్లీమీటర్లైన రూపం, 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక ప్రపంచమంతా పాకింది. 2016లో మోటో జెడ్, ఆ వెనుకే సెప్టెంబరులో ఐఫోన్ 7 దాన్ని వదిలేశాయి. 2019లో గెలాక్సీ నోట్ 10తో సామ్‌సంగ్ ఖరీదైన ఫోన్లూ అదే దారి పట్టాయి. ఫోను లోపల చోటు కలిసివస్తుందన్నారు, నీటినుంచి రక్షణ పెరుగుతుందన్నారు. రెండో మాట నాకు అంతగా మింగుడుపడదు. ఎందుకంటే అదే 2016లో వచ్చిన గెలాక్సీ ఎస్7కు ఆ రంధ్రమూ ఉంది, ఐపీ68 స్థాయి నీటి రక్షణా ఉంది.

కన్వర్టర్ ఎంచుకోవడం

పైకి ఒకేలా కనిపించే టైప్-సి కన్వర్టర్లలో రెండు జాతులున్నాయి. మొదటిదానిలో చిప్ ఉండదు, ఉన్నవి తీగలు మాత్రమే. ఫోను తన లోపలి చిప్‌తో తయారుచేసిన తరంగాన్ని టైప్-సి రంధ్రం గుండా బయటికి పంపగలిగితేనే ఇది పనిచేస్తుంది, ఆ సౌకర్యం కొన్ని ఫోన్లకే ఉంటుంది. రెండోదానిలో చిన్న డాక్ చిప్ ఉంటుంది. ఫోను అంకెలు ఇస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. మార్కెట్‌లో చవకగా గుట్టలుగా దొరికేవాటిలో మొదటి జాతివి చాలా ఉంటాయి, నేను తెచ్చుకున్నదీ అదే. గూగుల్ పిక్సెల్, గెలాక్సీ నోట్ 10 తర్వాతి సామ్‌సంగ్ ఖరీదైన ఫోన్లు, 2023లో టైప్-సికి మారిన ఐఫోన్ 15, దాని తర్వాతివి వాడేవారికి చిప్ ఉన్న కన్వర్టరే కావాలి. మిగతా ఫోన్లలో కూడా దాదాపు అన్నిటితో పనిచేసేది అదే కనుక, ఇంట్లో నలుగురి దగ్గర నాలుగు రకాల ఫోన్లుంటే మరో ఆలోచన లేకుండా చిప్ ఉన్నదే కొనండి. ఐఫోన్ 7 నుంచి 14 వరకు రంధ్రం వేరు కాబట్టి వాటికి లైట్నింగ్ కన్వర్టర్ అని ప్రత్యేకంగా అడగాలి.

పెట్టె మీద డాక్ అని రాసి ఉంటే నమ్మడానికి కొంత ఆధారం ఉన్నట్టే. ఇంట్లో ఉన్న పాత కన్వర్టర్ ఏ జాతిదో తేల్చుకోవాలంటే, టైప్-సి రంధ్రమున్న ల్యాప్‌టాప్‌కు తగిలించి చూడండి. శబ్ద పరికరాల జాబితాలో కొత్త పేరు కనిపిస్తే లోపల చిప్ ఉందని అర్థం, ఏ కదలికా లేకపోతే అది సాధారణంగా వట్టి తీగే.

దుకాణానికి మీ ఫోనూ మీ ఇయర్‌ఫోన్లూ రెండూ వెంట తీసుకెళ్లండి. కోఠిలోని గుజరాతీ గల్లీ రద్దీలో వెనకాల నలుగురు తోసుకొస్తున్నా సరే, డబ్బు ఇచ్చేముందు ఒక పాట పెట్టి రెండు చెవుల్లోనూ వినిపిస్తోందో లేదో చూడండి, వాయిస్ రికార్డరులో నాలుగు మాటలు మాట్లాడి తిరిగి వినండి, పిన్నును మెల్లగా అటూఇటూ తిప్పి శబ్దం తెగుతుందేమో గమనించండి. పాట వినిపించి మైకు పనిచేయని కన్వర్టర్లు చాలానే ఉన్నాయి. ఫోను మాట్లాడేటప్పుడు అవతలివారు ‘హలో, హలో’ అంటూ ఉండిపోయేది అందుకే.

ఒప్పో, వన్‌ప్లస్, వివో ఫోన్లలో చాలావాటికి మరో మెలిక ఉంది. సెట్టింగ్స్‌లో ఓటీజీ అనే మీట వేస్తే గాని అవి బయటి చిప్‌ను గుర్తించవు, కాసేపు వాడకపోతే ఆ మీట తనంతట తానే ఆగిపోతుంది కూడా. కన్వర్టర్ చచ్చిపోయిందని అనుకునేముందు ఒకసారి అది చూడండి. అలాగే ఆపిల్ అమ్మే టైప్-సి కన్వర్టర్ నాణ్యతకు పేరున్నదే అయినా, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే శబ్దం బాగా చిన్నగా వస్తుంది. బస్సులో వినాలనుకునేవారికి అది చాలదు.

కన్వర్టర్ పెట్టాక పాటలో వాద్యాలన్నీ వినిపిస్తూ గాయకుడి గొంతు మాత్రం దూరంగా, బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తే కంగారుపడవద్దు. ముందు పిన్నును చివరిదాకా నొక్కండి. అప్పటికీ అలాగే ఉంటే ఇయర్‌ఫోను తీగ మీది బటన్‌ను నొక్కి పట్టుకుని చూడండి. గొంతు తిరిగి వస్తే, ఆ ఇయర్‌ఫోన్లు పాత వరుసలో చేసినవని అర్థం. పిన్ను మీది నాలుగు లోహపు పట్టీలలో మైకు, భూమి తీగల స్థానాలు ఒకప్పుడు కొన్ని కంపెనీల్లో తారుమారుగా ఉండేవి. ఆ రెంటినీ అటుదిటు చేసే చిన్న తీగ ఒకటి దొరుకుతుంది గాని, దానికోసం తిరగడం కన్నా ఆ ఇయర్‌ఫోన్లను పాత ఫోనుకు వదిలేయడమే మేలు.

ఇప్పుడు చార్జింగు, పాట రెండు బరువులూ ఒకే రంధ్రం మీద పడ్డాయి. టైప్-సి రంధ్రం పదివేల సార్లు పెట్టి తీయడాన్ని తట్టుకునేలా రూపొందించినదే అయినా, ప్యాంటు జేబులో కన్వర్టరు వంగుతూ ఉంటే ఆ లెక్క నిలవదు. కాబట్టి కన్వర్టరును ఇయర్‌ఫోన్ల పిన్నుకే శాశ్వతంగా వదిలేసి, విన్న తర్వాత రెండింటినీ కలిపి ఫోను నుంచి తీసేయండి. ఊరికే తగిలించి ఉంచితే చిప్ కొద్దికొద్దిగా బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. రంధ్రంలో పేరుకునే నూలు ధూళిని ఫోను ఆపేసి, పళ్లు కుట్టుకునే చెక్క పుల్లతో తీయండి. సూది, పిన్నీసు వద్దు. పాట వింటూనే చార్జింగు పెట్టుకునే రెండు నోళ్ల కన్వర్టర్లు కూడా ఉన్నాయి గాని, నాసిరకం చార్జరుతో కలిస్తే చెవిలో గుర్రుమనే శబ్దం వస్తుంది.

బ్లూటూత్ దేనికి మంచిది

నడకకు, వంటింటి పనికి, మెట్రోలో నిలబడి వెళ్లడానికి తీగ లేకపోవడమే సుఖం, అందులో వాదం లేదు. మొదటిసారి కొనేవారికి నా సలహా నెక్‌బ్యాండ్. బడ్స్ కన్నా పెద్ద బ్యాటరీ పడుతుంది, మెడలో వేలాడుతుంది కనుక పోగొట్టుకోవడం కష్టం. బడ్స్‌లో చిప్పూ బ్యాటరీ రెండూ బఠాణీగింజంత చోటులో ఇరికి ఉంటాయి. ఆ బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసిస్తే చాలా మోడళ్లలో మార్చే వీలుండదు. మే నెల ఎండలో ఆపి ఉంచిన కారులో వాటిని వదిలేస్తే ఆ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. మెట్రో ప్లాట్‌ఫారం మీద ఒక బడ్ జారి పట్టాల మీద పడితే దిగే ప్రయత్నం చేయకుండా స్టేషను సిబ్బందికి చెప్పండి.

శబ్దం తెగితెగి వస్తుంటే ముందు ఫోను ఏ జేబులో ఉందో చూసుకోండి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మన ఒళ్లు బాగా పీల్చుకుంటుంది, వైఫై, మైక్రోవేవ్ పొయ్యి కూడా అదే పట్టీలో తిరుగుతాయి. వెనక జేబులోని ఫోనును చొక్కా జేబులోకి మార్చగానే నాకు సగం తెగుళ్లు ఆగిపోయాయి. బ్లూటూత్ మీద శబ్దాన్ని కుదించి పంపే ఎల్‌డాక్ (LDAC) వంటి పద్ధతులు సెకనుకు 990 కిలోబిట్ల వరకు పంపగలవు గాని, ఫోనూ బడ్సూ రెండూ ఆ పద్ధతి తెలిసినవైతేనే ప్రయోజనం. ఐఫోనుకు అది లేదు, ఏఏసీ అనే మరో పద్ధతి వరకే. రద్దీలో పెద్ద వేగం పెడితే తెగడం ఎక్కువవుతుంది కాబట్టి దాన్ని ఇంటి వరకు ఉంచుకోండి.

పాడేవారు, వాయించేవారు

బ్లూటూత్‌లో శబ్దం మూట కట్టుకుని, గాలిలో ప్రయాణించి, అవతల మూట విప్పుకునేసరికి సెకనులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఆలస్యమవుతుంది. వీడియో యాప్‌లు బొమ్మను కూడా అంతే వెనక్కి జరిపి ఈ లోటు కప్పిపుచ్చుతాయి కనుక సినిమా చూసేవారికి తెలియదు. కీబోర్డు యాప్‌లో మీట నొక్కే వేలును, ఆటలో తెరను తాకే వేలును మాత్రం ఎవరూ వెనక్కి జరపలేరు.

మా వదిన పాటలు రికార్డు చేసే యాప్‌లో పాడుతుంది. బడ్స్ కొన్న నెలలో తన తాళం తప్పుతోందని బెంగపెట్టుకుని, మళ్లీ సంగీతం క్లాసులో చేరాలా అని కూడా ఆలోచించింది. లెక్క వేసి చూపిస్తే గాని నమ్మలేదు. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను ఉంటుంది. వాద్యం చెవికి పావు సెకను ఆలస్యంగా చేరితే, దాన్ని విని పాడిన గొంతు సగం దెబ్బ వెనకబడి రికార్డవుతుంది. ఆమె పాడింది చెవికి చేరిన తాళానికి సరిగ్గానే. పైగా బడ్స్ మైకు వాడడం మొదలుపెట్టగానే మామూలు బ్లూటూత్ సంగీతపు మార్గాన్ని వదిలి ఫోను కాల్ మార్గానికి మారుతుంది, దాంతో పాట మొత్తం డొల్లగా, రెండు చెవుల్లోనూ ఒకేలా వినిపిస్తుంది. చిప్ ఉన్న కన్వర్టరు, పాత తీగ ఇయర్‌ఫోన్లు తగిలించాక ఆ రెండు బాధలూ పోయాయి. కొన్ని యాప్‌లలో ఆలస్యాన్ని సరిదిద్దే జారుడు మీట ఉంటుంది గాని అది రికార్డయిన తర్వాత గొంతును ముందుకు జరపడానికే. పాడుతున్నప్పుడు చెవికి చేరే ఆలస్యం అలాగే ఉంటుంది. వట్టి తంబుర శ్రుతి పెట్టుకుని సాధన చేసేవారికి బ్లూటూత్ ఏ ఇబ్బందీ కలిగించదు, ఎందుకంటే శ్రుతికి దెబ్బలు లేవు.

ఎఫ్‌ఎం వినే పెద్దల సంగతి

ఇంట్లో పెద్దలకు కొత్త ఫోను కొనిపెట్టేముందు వారు ఎఫ్‌ఎం వింటారేమో అడగండి. మా నాన్నగారికి పొద్దున లేవగానే 102.8 మీద వివిధ భారతి, ఆ తర్వాత 101.9 మీద రెయిన్‌బో ఉండాలి. ఫోనులోని ఎఫ్‌ఎంకు ఏరియల్‌గా పనిచేసేది ఇయర్‌ఫోను తీగే. గుండ్రని రంధ్రం లేని ఫోన్లలో చాలావాటికి అసలు ఎఫ్‌ఎం యాపే ఉండదు, చిప్ ఉన్న కన్వర్టరు తగిలించినా ఆ తీగ ఏరియల్ కాలేదు, ఎందుకంటే మధ్యలో నడిచేది అంకెల బేరం. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు వస్తాయి గాని, ఇంటర్నెట్టు మీద వచ్చేది కొంత వెనకబడి వస్తుంది. క్రికెట్ వ్యాఖ్యానం వింటుంటే పక్కింటి కేకలే ముందు వికెట్ పడిందని చెప్పేస్తాయి.

మేము చివరికి చేసింది సులువైన పని. నాన్నగారి పాత ఫోనును అమ్మకుండా సిమ్ తీసేసి, ఇయర్‌ఫోన్లు తగిలించి ఎఫ్‌ఎం తెరిచి, పూజగది పక్క అలమారలో ఉంచాము. ఎఫ్‌ఎంకు సిమ్మూ నెట్టూ అక్కరలేదు. గట్టిగా వినాలంటే అదే యాప్‌లో స్పీకరు బొమ్మ నొక్కితే చాలు, తీగను మాత్రం ఊడదీయకూడదు.