మొదటి పనామా టోపీ కొంటున్నారా?
మా చంద్రపూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. తలకు రుమాలు చుట్టుకునే మనవాళ్లు కొందరు ఇప్పుడు పనామా టోపీ కొందామనుకుంటున్నారు, మంచిదే. పేరు పనామా అయినా అసలు టోపీని ఈక్వడార్‌లో టొకియా అనే మొక్క ఆకు నారతో చేత్తో అల్లుతారు. లేబుల్ మీద ‘పేపర్ స్ట్రా’ అని ఉంటే అది కాగితమే, తడిస్తే పాడవుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి: నడినెత్తి నుంచి అల్లిక వలయాలుగా విచ్చుకోవాలి, పట్టీలు కలిపిన కుట్టు ఉండకూడదు. సైజు అంచనాతో మాత్రం తీసుకోవద్దు. కనుబొమ్మలకు, చెవులకు కాస్త పైన తల చుట్టూ టేపు చుట్టి సెంటీమీటర్లలో కొలవండి. అంచు వెడల్పుగా ఉంటేనే మెడకూ నీడ. రోజూ తీసేటప్పుడు ముందున్న నొక్కు పట్టుకోకండి, నార విరిగేది అక్కడే. అంచు పట్టుకుని తీయండి.