స్మార్ట్‌వాచ్ డయల్ మీది బుల్లి అంకెలను ఎలా చదవాలి?

ఉదయం వైజాగ్ బీచ్ రోడ్డులో నడిచేవాళ్ళలో సగంమంది చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటుంది. దానిమీద టైము, అడుగులు తప్ప ఇంకేమీ చూడరు. డయల్ మూలల్లో ఉండే అంకెలు, వంపు గీతలు, చుక్కలను కాంప్లికేషన్లు అంటారు.

ముందు ఏ అంకె దేనిదో తేల్చుకోండి. దానిమీద వేలితో తడితే సాధారణంగా సంబంధిత యాప్ తెరుచుకుంటుంది.

తర్వాత వంపు గీత సంగతి. ఆపిల్ వాచ్‌లో ఉష్ణోగ్రత గీతకు ఎడమ చివర ఇవాళ్టి కనిష్ఠం, కుడి చివర గరిష్ఠం, గీత మీది చుక్క ఇప్పటి వేడి. 27, 34 మధ్య చుక్క 33 దగ్గరుంటే ఇక పెరిగేది ఒక్క డిగ్రీయే. అయితే వైజాగ్‌లో ఈ అంకెను నమ్ముకుంటే మోసపోతాం. మనల్ని ఉడకబెట్టేది తేమ. గాలిలో తేమ 75 శాతం ఉంటే 33 డిగ్రీలే ఒంటికి 40 దాటినట్టుంటాయి. మీ వాచీలో 'ఫీల్స్ లైక్' ఉంటే ఉష్ణోగ్రత తీసేసి అదే పెట్టుకోండి.

యూవీ అంకె వేడిని చెప్పదు, చర్మాన్ని కాల్చే కిరణాల తీవ్రతను చెబుతుంది. 2 వరకు ఫర్వాలేదు, 6 నుంచి ఎక్కువ, 8 నుంచి చాలా ఎక్కువ, 11 నుంచి విపరీతం. రుషికొండలో సముద్రపు గాలి చల్లగా తగులుతున్నా ఈ అంకె తగ్గదు. టోపీ పెట్టుకోవాలా వద్దా అన్నది దీన్ని చూసి తేల్చుకోండి.

డయల్ మీది ఏ అంకైనా ఎప్పటిదో కూడా చూసుకోవాలి. కైలాసగిరి ఎక్కి రొప్పుతుంటే గుండె వేగం 78 అని చూపిస్తే కంగారు పడకండి. బ్యాటరీ ఆదా కోసం వాచీ అప్పుడప్పుడే కొలుస్తుంది, మీరు చూసింది పాత లెక్క. తట్టి యాప్ తెరిస్తే మళ్ళీ కొలుస్తుంది. ఫోన్ ఇంట్లో వదిలేసి వస్తే వాతావరణం అంకె కూడా ఇలాగే పాతబడొచ్చు.

కాంప్లికేషన్లను మార్చడం తేలికే. డయల్ నొక్కి పట్టుకోండి, 'ఎడిట్' తట్టండి, కాంప్లికేషన్ల పేజీ దాకా జరపండి, గడి ఎంచుకుని పక్కనున్న క్రౌన్ (గుండ్రటి బొత్తాం) తిప్పండి. ఇది ఆపిల్ పద్ధతి. ఆండ్రాయిడ్ వాచీల్లోనూ నొక్కి పట్టుకోవడంతోనే మొదలవుతుంది. చవక వాచీల్లో చాలావాటికి ఈ వీలుండదు, ఫోన్ యాప్‌లోంచి మొత్తం డయలే మార్చుకోవాలి.

నన్నడిగితే అడుగుల లెక్క తీసేయొచ్చు, రాత్రికి ఫోన్‌లో చూసుకుంటే చాలు. ఆ గడిలో వాయుపీడనం పెట్టుకుంటే ఈ ఊళ్ళో సరదాగా ఉంటుంది. సముద్రమట్టంలో అది దాదాపు 1010 హెక్టాపాస్కల్స్ ఉంటుంది. ఉదయం పది ప్రాంతంలో కాస్త పెరిగి, సాయంత్రం నాలుగుకల్లా మూడు నాలుగు తగ్గడం రోజూ జరిగేదే. సింహాచలం కొండెక్కినా తగ్గుతుంది, అది ఎత్తు ప్రభావం. ఇంట్లోనే ఉన్నా, వేళతో పని లేకుండా గంటగంటకీ పడిపోతుంటే మాత్రం బంగాళాఖాతంలో ఏదో ముదురుతున్నట్టు. 2014 అక్టోబరు 12న ఇక్కడ తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను కేంద్రంలో పీడనం 950 దాకా దిగింది. అలాంటప్పుడు వాచీని పక్కనపెట్టి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి.