కంప్యూటర్ లోపలికి – 4: సుడో కొట్టినా గడప బయటే

మొన్న ఆదివారం బెజవాడలో మా క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు: "సుడో కొడితే కెర్నెల్ మోడ్‌లోకి వెళ్లిపోతాం కదా సార్?"

వెళ్లం. సుడో అంటే లినక్స్‌లో ఒక కమాండ్‌ని రూట్ పేరుతో, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్ పేరుతో నడిపించేది. కెర్నెల్ మోడ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్, ప్రాసెసర్ మీద పూర్తి అధికారంతో నడిచే స్థితి.

ఇంద్రకీలాద్రి మీద అంతరాలయం టికెట్ కొంటే అమ్మవారికి బాగా దగ్గరగా వెళ్తాం. అయినా గర్భగుడి గడప దాటం. గోత్రనామాలు చెప్తాం, అర్చన చేసేది అర్చకుడే. రూట్ ఆ టికెట్ కొన్న భక్తుడు, కెర్నెల్ అర్చకుడు. (పోలికను ఇంతకంటే లాగకండి, తెగుతుంది.)

చేసి చూద్దాం. ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్, 64 బిట్ లినక్స్ ఉంటే చాలు. చిన్న సీ ప్రోగ్రాం ఒకటి జీడీబీలో (ప్రోగ్రాంని మధ్యలో ఆపి లోపల చూపించే డీబగ్గర్) తెరిచి, మెయిన్ దగ్గర ఆపి, రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న అరలు) చూడండి. సీఎస్ అనే రిజిస్టర్ ఎదురుగా 51 ఉంటుంది. బైనరీలో 110011. చివరి రెండు బిట్లు 11, అంటే 3. మీ ప్రోగ్రాం ఉన్న రింగ్, అంటే ప్రాసెసర్ దానికిచ్చిన అధికార స్థాయి, అదే. 0కి అధికారం ఎక్కువ, 3కి తక్కువ. కెర్నెల్ నడిచేటప్పుడు ఆ రెండూ సున్నాలే. 1982లో ఇంటెల్ 80286 ప్రాసెసర్‌తో నాలుగు రింగులు వచ్చాయి గానీ, లినక్స్, విండోస్ వాడేది 0, 3 మాత్రమే. అంతకుముందు 8086 ప్రాసెసర్ మీద, డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏ ప్రోగ్రాం ఏ మెమరీని చెరిపినా అడిగే దిక్కు లేదు.

ఇప్పుడు మెయిన్‌లో సీఎల్‌ఐ అనే ఒక్క అసెంబ్లీ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. ఇంటరప్ట్‌లు (చేస్తున్న పని ఆపించి కెర్నెల్‌ని పిలిచే సంకేతాలు) ఆపెయ్యమని దానర్థం. అది చెల్లితే టైమర్ ఇంటరప్ట్ కూడా అందదు, కెర్నెల్ ఆ కోర్‌ని మీ చేతిలోంచి వెనక్కి తీసుకోలేదు. రన్ చేస్తే: సెగ్మెంటేషన్ ఫాల్ట్.

మామూలుగా ఇది తాకకూడని మెమరీని తాకితే వచ్చేది. మనం మెమరీని ముట్టుకోనే లేదు, ఈ పేరేంటి? మొదటిసారి నేను లేని పాయింటర్ తప్పు కోసం ఒక సాయంత్రమంతా వెతికాను. నిజానికి ప్రాసెసర్ లేపింది జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్, అంటే రక్షణ నియమం మీరారన్న ఫిర్యాదు. లినక్స్ దానికీ అదే సిగ్నల్ పంపుతుంది.

సుడోతో మళ్లీ నడపండి. అదే దెబ్బ. సీఎస్ అదే 51.

మరి సుడో మార్చిందేమిటి? యూజర్ నంబరు, అంతే. ఫైలు తెరవమని అడిగినప్పుడు కెర్నెల్ ఆ నంబరు చూసి సరే అంటుంది. ప్రాసెసర్‌కైతే రూట్ అంటే ఎవరో కూడా తెలియదు.

అసలు కెర్నెల్‌ని అడగడం ఎలాగో వచ్చే పాఠంలో. ఈలోగా ఎకో కమాండ్‌ని ఎస్‌ట్రేస్‌తో (ప్రోగ్రాం కెర్నెల్‌ని అడిగేవన్నీ చూపించే పనిముట్టు) నడిపి, చివర్లో రైట్ (write) అని మొదలయ్యే లైను నోట్‌బుక్‌లో రాసి ఉంచుకోండి.