దత్తత మీద కథోలిక మాట నలుగురిలో ఎలా మాట్లాడాలి?

విచారణ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) యువత శిక్షణల్లో, కాలేజీ సెమినార్లలో, రెండుసార్లు టీవీ స్టూడియోలో కూడా ఈ అంశం మీద మాట్లాడాను. అంతకంటే ఎక్కువసార్లు మనవాళ్లు మాట్లాడుతుంటే కింద కూర్చుని తల పట్టుకున్నాను. తెలియక పాడుచేస్తే పోనీలే అనుకోవచ్చు. దత్తతను శ్రీసభ, అంటే కథోలిక చర్చి, ఎంత మెచ్చుకుంటుందో బాగా తెలిసినవాళ్లే, మైకు చేతికి రాగానే ఎవరెవరు దత్తత తీసుకోకూడదో చదవడం మొదలుపెడతారు. అక్కడితో చర్చ చేజారిపోతుంది.

వెంట ఉండాల్సినవి

ఒక కాగితం చాలు. సత్యోపదేశ గ్రంథంలో (శ్రీసభ బోధను పేరాల వారీగా చెప్పే పుస్తకం) 2378, 2379 పేరాలు, శ్రీసభ చట్టంలో 110వ సూత్రం, మన దేశపు 2015 బాల న్యాయ చట్టం. ఈ నాలుగూ దాని మీద రాసుకోండి. ఫోన్ జేబులోంచి తీయొద్దు, వేదిక మీద ఫోన్‌లో వెతుక్కునేవాడి మాట ఎవరూ నమ్మరు. పవర్‌పాయింట్ వద్దు. బైబిలు సంచిలో ఉండాలి, చేతిలో కనబడకూడదు. నీళ్ల సీసా మీరే తెచ్చుకోండి.

మొదటి నిమిషం

చెప్పాల్సిన మాట ఒకటే: దత్తత అంటే బిడ్డకు అమ్మానాన్నలను వెతకడం, పెద్దవాళ్లకు బిడ్డను వెతకడం తర్వాతి సంగతి. దీనికి ఆధారం 2378వ పేరా. బిడ్డ ఎవరికీ బాకీ కాదు, వరం. వైద్యం చేయించుకున్నా పిల్లలు కలగని దంపతులు, వదిలేసిన పిల్లలను చేరదీసి తమ మంచి మనసు చూపవచ్చని 2379 అంటుంది. రెండూ కలిపి మీ సొంత మాటల్లో చెప్పండి. చదివి వినిపించొద్దు.

వంశం నిలబడాలని, ఆస్తి గడప దాటకూడదని బావమరిది కొడుకునో అక్క కూతుర్నో తెచ్చుకోవడం మన ఊళ్లలో ఉన్నదే. క్రైస్తవుల ఇళ్లలోనూ ఉంది. "మాలో అలాంటివి లేవు" అన్నారంటే మీ పక్క ఊరివాడే లేచి నిలబడతాడు.

ఉదాహరణ కావాలంటే యేసును పెంచిన తండ్రి జోజప్ప గారు ఉన్నారు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో బిడ్డకు పేరు పెట్టమని దేవదూత చెప్పేది ఆయనకే. పేరు పెట్టి తనవాడన్నాడు కాబట్టే తండ్రయ్యాడు. కొందరు దీనికి యశోదమ్మను కూడా కలిపి చప్పట్లు కొట్టించుకుంటారు. నేను కలపను, మీరూ కలపకండి. ఎదుటివాళ్ల పూజగదిలోకి చెప్పులతో వెళ్లినట్టు ఉంటుంది.

2022 జనవరి 5న పోప్ ఫ్రాన్సిస్ జోజప్ప గారి గురించి మాట్లాడుతూ, దత్తత ప్రేమకున్న అత్యున్నత రూపాల్లో ఒకటన్నారు. అదే ప్రసంగంలో పిల్లలకు బదులు కుక్కల్ని, పిల్లుల్ని పెంచుకునే జంటల గురించీ ఒక మాట అన్నారు. వార్తల్లోకి ఎక్కింది కుక్కలే. ఎవరో ఒకరు ఆ కుక్కల సంగతి తీస్తారు. నవ్వేసి, అదే రోజు దత్తత గురించి ఏమన్నారో చెప్పి ముందుకు వెళ్లండి.

చట్టం సంగతి త్వరగా ముగించండి

ఈ దేశంలో కథోలికులు చాలాకాలం చట్టప్రకారం దత్తత తీసుకోలేకపోయారని వింటే జనం ఆశ్చర్యపోతారు. 1956 హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. 1890 సంరక్షకుల చట్టం కింద సంరక్షకులుగా ఉండొచ్చు, అంతే. కన్నబిడ్డతో సమానమైన హోదా బిడ్డకు దక్కేది కాదు. 1999లో కేరళ హైకోర్టు ఒక క్రైస్తవ దంపతుల పెంపుడు కొడుక్కి వారసత్వం ఉందని తేల్చింది. ఏ మతంవాళ్లయినా అప్పటి బాల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ఇంతకు మించి చట్టం మాట్లాడితే నిద్రపోతారు.

మతం మార్చడానికే పిల్లల్ని ఇస్తారన్న ఆరోపణ తప్పకుండా వస్తుంది. కోప్పడొద్దు. ఇప్పుడు ఏ సంస్థా తనకు నచ్చినవాళ్లకు బిడ్డను ఇచ్చుకోలేదు. కేంద్ర దత్తత సంస్థ కారా పోర్టల్‌లో పేరు నమోదైన వరస ప్రకారమే పిల్లల వివరాలు వెళ్తాయి. ఈ రెండు వాక్యాలు చెప్పి ఊరుకోండి.

పాత గాయాలు ఎవరైనా ఎత్తితే ఒప్పుకోండి. పెళ్లికాని తల్లుల కోసం ఐర్లాండ్‌లో నడిచిన 18 సంస్థల్లో సుమారు 9,000 మంది పిల్లలు చనిపోయారని అక్కడి విచారణ సంఘం 2021 జనవరిలో తేల్చింది. ఆ సంస్థల్లో చాలావాటిని నడిపింది సిస్టర్లే. అలాంటి చోట్ల పుట్టిన పిల్లల్ని అమెరికాకు దత్తత పంపారు. అక్కడి కథోలిక నాయకత్వం క్షమాపణ చెప్పింది. మన దగ్గర 2018లో రాంచీలో శిశువును అమ్మారన్న ఆరోపణ మీద ఒక సిస్టర్‌ని అరెస్టు చేశారు. "అదంతా కుట్ర" అని లేవకండి. మన ఆంధ్రప్రదేశ్‌లోనే 1999లో, 2001లో తండాల నుంచి ఆడశిశువుల్ని కొని విదేశీ దత్తతకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. చట్టం బిగుసుకున్నది ఇలాంటివాటి వల్లే. ఆ బిగింపును మనం సమర్థించాలి. బిడ్డకు తల్లిదండ్రుల్ని వెతకడమే దత్తత అన్న మన మొదటి మాటకు అది సరిగ్గా సరిపోతుంది.

అసలు చిక్కు: 2015 ప్రశ్న

ఇక్కడ నెమ్మదించండి. మిగతా అన్నిచోట్లా తడబడినా బతికిపోతారు, ఇక్కడ బతకరు.

కొత్త దత్తత మార్గదర్శకాలు వచ్చాక, 2015లో, మదర్ తెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ మన దేశంలో దత్తత పని నుంచి తప్పుకుంది. ఒంటరివాళ్లకు, విడాకులు తీసుకున్నవాళ్లకు పిల్లల్ని ఇవ్వాల్సి రావడం తమ మనస్సాక్షికి సరిపడదని సిస్టర్లు చెప్పారు. అప్పటి నుంచి ప్రతి చర్చలో ప్రశ్న ఇలాగే వస్తుంది: "అంటే ఒంటరి తల్లి ఒళ్లో పెరిగే బదులు బిడ్డ అనాథాశ్రమంలో ఉన్నా మీకు పర్లేదా?"

నేను ఈ గోతిలో పడ్డాను. గుంటూరు వైపు ఒక కాలేజీ సెమినార్ హాలు, ఏప్రిల్ ఎండ, ఫ్యాన్ల చప్పుడులో నా మాట నాకే సరిగా వినబడటం లేదు. ప్రశ్న రాగానే "తల్లీ తండ్రీ ఇద్దరూ లేనిది కుటుంబమే కాదు" అనేశాను. మూడో వరసలో నీలం చున్నీ వేసుకున్న అమ్మాయి లేచింది. మైకు కూడా అడగలేదు. "మా పెద్దమ్మ పెళ్లి చేసుకోకుండా నన్ను పెంచింది సార్. ఆమె నాకు అమ్మ కాదా?" అంది. నా కాగితం మీద దానికి జవాబు లేదు. మైకు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను, అది కీచుమంది. పక్కన కూర్చున్న ఫాదర్ గారు నేలచూపులు చూశారు. తర్వాత పావుగంట నేనేం మాట్లాడానో ఎవరికీ గుర్తుండి ఉండదు.

ఆ రోజు ఇంటికి వచ్చి 110వ సూత్రాన్ని సరిగ్గా చదివాను. దేశ చట్టప్రకారం దత్తత తీసుకున్న పిల్లలను, దత్తత తీసుకున్న "వ్యక్తికి లేదా వ్యక్తులకు" పిల్లలుగా శ్రీసభ ఎంచుతుంది. వ్యక్తికి లేదా వ్యక్తులకు! ఒక్కరైనా సరేనని శ్రీసభ చట్టమే ఒప్పుకుంటుంటే నేను కుటుంబమే కాదన్నాను. చట్టబద్ధంగా దత్తత తీసుకున్న ఒంటరి తల్లి, శ్రీసభ లెక్కలో కూడా ఆ బిడ్డకు తల్లే. పెద్దమ్మలూ అమ్మమ్మలూ పెంచిన పిల్లలు మన ప్రతి విచారణలో ఉన్నారు, వాళ్లకు జ్ఞానస్నానం ఇచ్చింది మన గురువులే.

అందుకని ఇప్పుడు మూడు సంగతులు విడివిడిగా చెబుతాను. మీరూ విడదీయండి. కలిపారో, మునిగారు.

శ్రీసభ బోధ: పెళ్లి బంధంలో ఉన్న అమ్మ, నాన్న ఇద్దరి నీడలో పెరగడం బిడ్డకు మేలు, నియమాలు దాన్నే కోరుకోవాలి. ఇది ఆదర్శం. ఆదర్శాన్ని చెప్పడానికి, అందులో ఇమడని ఇంటిని తిట్టడానికి తేడా ఉంది.

సిస్టర్ల నిర్ణయం: ఒక మఠవాస సభ తన మనస్సాక్షి ప్రకారం తీసుకున్న నిర్ణయం అది. గౌరవించండి, దాన్ని సిద్ధాంతం చేయకండి. వాళ్లు మానుకున్నది దత్తత ఇచ్చే పని, పిల్లల్ని సాకడం మానలేదు. అయినా దత్తత ఇచ్చే చోటు ఒకటి మూతపడితే కొందరు పిల్లలకు ఆలస్యం జరిగి ఉండొచ్చని మీరే ముందు ఒప్పుకోండి. ఎదుటివాళ్ల నోట వస్తే అది నేరారోపణ అవుతుంది.

మూడోది, మీ ముందున్న బిడ్డ. ఎవరైనా "ఆశ్రమమా, ఒంటరి తల్లా?" అని నిలదీస్తే నేను "తల్లే" అంటాను. తడుముకోను. వెంటనే "కానీ" అని కూడా అనను. ఒక ఊపిరి పీల్చి, ఒక బిడ్డకు ఏది మేలు అన్నది ఒక ప్రశ్న, అందరు బిడ్డలకూ నియమం ఎలా రాయాలన్నది ఇంకో ప్రశ్న అని చెబుతాను. కొందరు పెద్దలకు ఇది నచ్చదు, మెత్తబడ్డానంటారు. వాళ్లను ఆ అమ్మాయి ఎదురుగా ఒకసారి నిలబెట్టాలి.

స్వలింగ జంటల ప్రశ్న దీని వెనకే వస్తుంది. రాకపోతే మీరు తేవొద్దు. 2003లో విశ్వాస సిద్ధాంత శాఖ వాటికన్ నుంచి ఇచ్చిన పత్రం, అలాంటి దత్తతను గట్టి మాటలతో కాదంది. దాచకండి. అలాగని అందులోని కటువైన వాక్యాన్ని ఏరి చదవకండి. బిడ్డకు అమ్మా నాన్నా ఇద్దరూ కావాలన్నది శ్రీసభ బోధ అని మీ మాటల్లో చెప్పండి. స్వలింగ ఆకర్షణ ఉన్నవారిని గౌరవంతో, కరుణతో చూడాలనీ, అన్యాయంగా వివక్ష చూపొద్దనీ సత్యోపదేశ గ్రంథం 2358లో ఉంది. ఆ వాక్యం కూడా చెప్పి తీరాలి. రెండోది వదిలేసి మొదటిది మాత్రమే చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సుప్రీంకోర్టు తీర్పును గొడుగులా పట్టుకోకండి. పెళ్లికాని జంటలు కలిసి దత్తత తీసుకోకూడదన్న నియమాన్ని 2023 అక్టోబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నిలబెట్టిన మాట నిజమే. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. రేపు ఆ లెక్క మారితే మీ వాదన ఎక్కడ నిలబడుతుంది?

అధ్యయనాలు, సర్వేలు కూడా వద్దు. మీరు ఒకటి తీస్తే వాళ్లు రెండు తీస్తారు. ఈ స్వలింగ జంటల ప్రశ్న మీదే బోస్టన్‌లో 2006లో కథోలిక సేవాసంస్థ దత్తత పని ఆపేసింది. ఫిలడెల్ఫియా కేసులో 2021లో అమెరికా సుప్రీంకోర్టు శ్రీసభ సంస్థ వైపు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. రెండూ నిజమే. కానీ విజయవాడలో కూర్చున్నవాళ్లకు ఫిలడెల్ఫియాతో ఏం పని? యూట్యూబ్‌లో అమెరికా పాస్టర్ల చర్చలు చూసి వచ్చి ఇక్కడ అప్పజెప్పేవాళ్ల వల్లే మన కుర్రాళ్లు ఇలా తయారయ్యారు.

దిగేటప్పుడు

చివర్లో ప్రార్థన చేయిస్తానని మైకు పట్టుకోవద్దు. కృతజ్ఞతలు చెప్పి కూర్చోండి.

మెట్ల దగ్గర కాసేపు ఆగండి. వేదిక మీద నోరు విప్పని జంట ఒకటి అక్కడికి వస్తుంది. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంటుంది, ఆయన "మాకొక పాప కావాలండి, మీకు తెలిసిన సిస్టర్లు ఎవరైనా ఉన్నారా?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. సిస్టర్ల ఫోన్ నంబరు ఇవ్వొద్దు. నియమాలు దాటి బిడ్డను ఇచ్చినా, పుచ్చుకున్నా బాల న్యాయ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. కారా పోర్టల్‌లో నమోదు చేసుకోమనండి. పెళ్లయి రెండేళ్లు నిండాలనీ, సామాజిక కార్యకర్త ఇంటికొచ్చి చూసి వెళ్తారనీ, చాలాకాలం ఎదురుచూడాల్సి వస్తుందనీ చెప్పండి. జ్ఞానస్నానం రిజిస్టరులో తమ పేర్లు రాస్తారా అని ఆవిడ అడుగుతుంది. రాస్తారు.