కిసుము పోయే జూనియర్లకు: మొదటి వారం ఎట్ల గడపాలె

అక్కడి బడిల టీచర్‌కు సాయం చేసెటందుకు పోతున్నరు కదా, ఇంట్ల ఆఫ్రికా పోతున్నమని చెప్పకండి, కెన్యా అనండి. విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము అని ఊరి పేరు కూడ చెప్పండి. అమ్మ మ్యాప్‌ల వెతుక్కుంటది, మీకూ ఎటు పోతున్నరో తెలిసొస్తది.

ముందు నారాయణగూడ పోవాలె. అక్కడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌ల ఎల్లో ఫీవర్ టీకా వేస్తరు. ఏ రోజుల్ల వేస్తరో కనుక్కొని పాస్‌పోర్టు పట్టుకపోండి. సూది పడ్డ పది రోజులకు గాని వాళ్లిచ్చే టీకా కార్డు చెల్లదు, కాబట్టి ఆఖరి వారానికి పెట్టుకోవద్దు. అది కెన్యా వాళ్ల కోసమనుకుంటరు గాని, గట్టిగ అడిగేది మనోళ్లే. తిరిగొచ్చేటప్పుడు కార్డు లేకుంటే మన ఎయిర్‌పోర్టుల ఆరు రోజుల దాకా క్వారంటైన్‌ల పెట్టొచ్చు.

నైరోబీ ఎత్తు మీద ఉంటది, మలేరియా తక్కువ. కిసుముల అట్ల కాదు. ఏ గోలీలు వాడాలెనో డాక్టర్‌ను అడగండి. డాక్సీసైక్లిన్ రాస్తే, తిరిగొచ్చినంక కూడ నాలుగు వారాలు మింగాలె. ఇంటికొచ్చి బిర్యానీ తిన్నంక గోలీ ఎవరికి యాదుంటది? అలారం పెట్టుకోండి.

సామాన్ల సంగతి: షాపుల్ల ఇచ్చే ప్లాస్టిక్ కవర్లు ఇంట్లనే వదిలిపెట్టండి, కెన్యాల 2017 నుంచి నిషేధం. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్ల పట్టదు. పలక పిన్నులవి మూడుండే అడాప్టర్ కోఠి గుజరాతీ గల్లీల కొనుక్కోండి.

దిగిన రోజు పెద్ద పనులు పెట్టుకోకండి. మన ఆరు గంటలంటే అక్కడ తెల్లారగట్ల మూడున్నర, మెలకువ తొందరగ వస్తది. ఒరిజినల్ పాస్‌పోర్టుతోని సఫారీకామ్ అనే ఫోన్ కంపెనీ షాపుకు పోయి సిమ్ తీస్కొని, దాంతోనే ఫోన్ల పైసలు కట్టే ఎం-పెసా చేయించుకోండి. ఇంటర్నెట్ లేని డబ్బా ఫోన్ల కూడ నడుస్తది. కూరగాయలామె దగ్గర కూడ దాంతోనే కట్టొచ్చు.

ఇగ బడి. మొదటి వారం పాఠం చెప్పకండి. వెనక బెంచీల కూసోండి. మీరు పోకముందు కూడ ఆ క్లాసు నడిచింది, ఆ టీచర్‌కు ప్రతి పిల్లగాని సంగతి తెలుసు. ఏ పాఠం నడుస్తుంది, పరీక్ష ఎప్పుడు, మీతోని ఏం పని పడుతది అని ఆ టీచర్‌నే అడగండి. నోటుపుస్తకాలు దిద్దమంటే దిద్దండి, అది చిన్న పనేం కాదు. వాళ్ల విద్యా సంవత్సరం జనవరిల మొదలైతది, మూడు టర్ములు. ఏప్రిల్‌ల పోతే వాళ్లకూ సెలవులే ఉంటయి, అందుకే మే అయితే నయం. టూరిస్టు అనుమతి మీద బడిల పని చేయొచ్చా, వేరే పాస్ కావాల్నా అన్నది పిలిచినోళ్లతోని రాతల తెప్పించుకోండి.

పిల్లల ఫొటోలు తీసి స్టేటస్ పెట్టకండి. మీ చెల్లె ఫొటో బడికొచ్చిన ఎవరో తీసి పెడితే ఊకుంటరా? చాక్లెట్లు, పెన్నులు చేతికియ్యకుండ ఆఫీసుల ఇయ్యండి. మళ్లొస్తనని మాత్రం ఎవరికీ చెప్పకండి. పిల్లలు లెక్క పెట్టుకుంటరు.

అక్కడ మీరుండే ఇంట్ల ఉగాలి పెడతరు. మన మక్క గట్క లెక్కనే, ఇంకా గట్టిగ ఉంటది. పక్కన సుకుమ వికి అని ఆకుకూర. చేత్తోనే తింటరు, మనకు అలవాటే కదా. శాకాహారులైతే పోకముందే చెప్పండి, బీన్స్, మక్కలు ఉడికించిన గితేరి దొరుకుతది. ఆవకాయ సీసా మొదటి పూటే తియ్యొద్దు, వండినామె చిన్నబుచ్చుకుంటది. నాలుగు రోజులాగి, కారం సంగతి ముందే చెప్పి అందరికీ వడ్డించండి. తిన్నంక "ఎరొకమానో" అనండి, అక్కడి లువో వాళ్ల భాషల థాంక్స్.

సరస్సు ఎంత బాగున్నా కాళ్లు పెట్టకండి. ఆ నీళ్ల నత్తల నుంచి బిల్హార్జియా అనే పురుగుల రోగం వస్తది. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాదంతా ఏడింటికల్లా పొద్దు గూకుతది, అప్పటికి ఇల్లు చేరండి. బోడా బోడా అనే బైకు టాక్సీ ఎక్కితే హెల్మెట్ అడగండి, లేదంటే ఇంకో బండి చూసుకోండి. దిల్‌సుఖ్‌నగర్‌ల మీరెట్ల తిరుగుతరో నాకెరుకే, అక్కడ మాత్రం పెట్టుకోండి.