దూర ప్రయాణాల ఆఫ్‌రోడ్ టూర్‌కు ఫోర్ బై ఫోర్ బండి టైర్లు ఎలా ఎంచుకోవాలి?

ఆఫ్‌రోడ్ టైరు అనగానే చాలామంది చూపు పెద్ద పెద్ద బటన్ల (నేలకు ఆనే రబ్బరు గుబ్బల) మీదికే పోతుంది. కానీ వేల కిలోమీటర్ల టూర్‌లో బండిని నడిదారిలో నిలబెట్టేది ఎక్కువగా టైరు సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ. బటన్ల మధ్య మేకు దిగితే ప్లగ్ పెట్టి కదలొచ్చు. పదునైన రాయి సైడ్‌వాల్‌ను కోసిందంటే దారిలో దానికి నమ్మదగిన రిపేరు లేదు. అందుకే ముందు బరువు, తర్వాత సైడ్‌వాల్, ఆపైన సైజు తేల్చుకోండి. బటన్ల సంగతి చివర్లో చూడొచ్చు.

1. బండిని నింపి తూకం వేయించండి

ట్యాంకు నిండా ఇంధనం, నీళ్లు, సామాను, మనుషులు అన్నీ ఉన్నప్పుడే వేబ్రిడ్జి మీదికి ఎక్కించండి. మొత్తం బరువు ఒక్కటే తెలిస్తే చాలదు. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూచాలి, ఎందుకంటే టూర్ సామానులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీదే పడుతుంది.

వెనక యాక్సిల్ మీద 1,900 కిలోలు ఉంటే ఒక్కో టైరుకు 950 కిలోలు. టైరు మీద సైజు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్‌తో దీన్ని పోల్చండి: 112 అంటే 1,120 కిలోలు, 115 అంటే 1,215, 121 అంటే 1,450. పైపైన చూస్తే 112 సరిపోయినట్టే. అయితే ఆ బరువు టైరులో నిర్దేశించిన గాలి ఉంటేనే మోస్తుంది, గాలి తగ్గిస్తే మోసే శక్తీ తగ్గుతుంది. పైగా బరువు ఎడమకూ కుడికీ సమానంగా పడదు. ఐదో వంతైనా మిగులు పెట్టుకోవాలన్నది మా లెక్క. అలా చూస్తే 1,140 కావాలి. 112 చాలదు, 115 సరిపోతుంది. బండి తయారీదారు చెప్పిన లోడ్ ఇండెక్స్ కంటే మాత్రం ఎప్పుడూ కిందికి దిగొద్దు.

2. సైడ్‌వాల్ ఎంత గట్టిదో చూడండి

సైజుకు ముందు ‘ఎల్‌టీ’ అని ఉంటే అది లైట్ ట్రక్ టైరు, మామూలు కారు టైరు కంటే గట్టిది. వీటిలో లోడ్ రేంజ్ సీ, డీ, ఈ అని ఉంటాయి. అవి వరసగా 6, 8, 10 ప్లై రేటింగులు. ఇది బలాన్ని చెప్పే అంకే తప్ప లోపల నిజంగా అన్ని పొరలు ఉంటాయని కాదు.

అన్నింటికన్నా గట్టిది కొనేస్తే పోతుందనుకోకండి. సామాను తక్కువున్న బండికి ‘ఈ’ (E) రేంజ్ టైరు వేస్తే గతుకుల దెబ్బంతా సస్పెన్షన్‌కు తగులుతుంది, మైలేజీ పడిపోతుంది. తేలికపాటి బండికి సీ రేంజ్ చాలు. నిండా లోడుతో రాళ్ల దారిలో వెళ్లే బండికి ‘ఈ’ (E) రేంజ్ కావాలి. ఇంకో విషయం చాలామందికి తెలియదు: అదే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకు పాత కారు టైరు కంటే ఎక్కువ గాలి కావాలి. డోరు పక్కన స్టిక్కర్ మీది అంకె ఇక పనికిరాదు, టైరు కంపెనీ లోడ్ పట్టిక చూసుకోవాలి.

3. సైజు తేల్చుకోండి

265/70 ఆర్ 17 అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 70 శాతం, అంటే సుమారు 185. చివరి 17 రిమ్ము సైజు, అంగుళాల్లో. అదే వెడల్పులో 265/60 ఆర్ 18 తీసుకుంటే ఎత్తు 159కి పడిపోతుంది. గాలి తగ్గించినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య మిగిలేది ఆ ఎత్తే. బ్రేకులకు అడ్డం రాకపోతే 16 లేదా 17 అంగుళాల రిమ్ముకే మొగ్గు చూపండి.

అనవసరంగా వెడల్పు పెంచొద్దు. గాలి తగ్గిస్తే టైరు నేలకు ఆనే భాగం వెడల్పులో కన్నా పొడవులోనే ఎక్కువ పెరుగుతుంది, ఇసుకలో ఆదుకునేది ఆ పొడవే. టైరు వ్యాసం 3 శాతం పెరిగితే స్పీడోమీటరు 100 చూపించినప్పుడు బండి 103లో పోతుంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి, సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు కూడా టైరు ఎక్కడా రాసుకోకూడదు.

వెళ్లే దారిలోని ఊళ్లలో ఆ సైజు దొరుకుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. దొరకని సైజు ఎంత గొప్పదైనా టూర్‌కు పనికిరాదు.

4. ఇప్పుడు బటన్లు

టూర్‌లో ఎక్కువ భాగం తారు, కంకర, గట్టి మట్టి అయితే ఆల్ టెర్రెయిన్ (అన్ని రకాల దారులకూ చేసిన టైరు) తీసుకోండి. చాలామందికి ఇదే సరైనది. రోజూ బురదలోనే వెళ్లాల్సి వస్తేనే మడ్ టెర్రెయిన్. దాని బటన్ల మధ్య సందులు పెద్దవి కాబట్టి బురద విదిలించేస్తుంది. అయితే తడి తారు మీద బ్రేకు వేస్తే దూరంగా గానీ ఆగదు, మోత ఎక్కువ, త్వరగా అరుగుతుంది. తారు రోడ్డు కోసం చేసిన హైవే టెర్రెయిన్‌ను పక్కన పెట్టేయండి. మంచు దారులుంటే సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల పర్వతం, అందులో మంచు రేకు గుర్తు ఉందేమో చూడండి.

5. కొనేటప్పుడు

టైరు పక్కన ‘DOT’ అని మొదలయ్యే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. స్టెప్నీతో కలిపి ఐదూ ఒకే సైజు, ఒకే డిజైన్ ఉండాలి. వాల్వులు కొత్తవి వేయించి, అలైన్‌మెంట్ చేయించండి.

6. బయల్దేరే ముందు గాలి పరీక్ష

ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి, నిండు లోడుతో ఒక గంట నడిపి, ఆగిన వెంటనే మళ్లీ కొలవండి. పెరుగుదల 4 నుంచి 6 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య ఉంటే సరిపోయింది. అంతకు మించితే గాలి తక్కువైంది: టైరు ఎక్కువగా వంగుతూ లోపల వేడెక్కుతోంది, ఇలాగే వదిలేస్తే పొరలు విడిపోతాయి. 4 కంటే తక్కువ పెరిగితే గాలి ఎక్కువైనట్టే, కానీ లోడ్ పట్టిక చెప్పిన కనీస అంకె కంటే దించొద్దు.

కంకర మీద వెళ్లేటప్పుడు, తారు రోడ్డు మీద పెట్టే గాలిలో 20 నుంచి 25 శాతం తగ్గించి, వేగం 80 దాటకండి. మెత్తటి ఇసుకలో 15 నుంచి 18 పీఎస్‌ఐకి దించొచ్చు. అప్పుడు నెమ్మదిగా వెళ్లాలి, స్టీరింగు ఒక్కసారిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. కంప్రెసర్ బండిలోనే ఉంచుకోండి. తారు ఎక్కేముందు గాలి నింపుకోవాల్సిందే. కొత్త టైర్లు బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లలోపు వీల్ నట్లు ఒకసారి టార్క్ రెంచితో (నిర్ణీత బలంతో బిగించే పానాతో) సరిచూడండి.